తుమ్ముకి ముందు

ఎరుపు చాల్లేదంటారు పిచ్చేశ్వరరావు గారు ఫోన్లో.
ఇది ఏడోసారి.
అరండల్‌పేటలో జిరాక్సు షాపు పైగది నాది.
కారం ప్యాకెట్ మీద నవ్వే ఆవిడకి
చీర మార్చాను, జడ మార్చాను,
చేతిలో మిరపకాయని అరంగుళం వంచాను,
వాళ్ళ పెద్దకోడలికి నచ్చలేదంటే ముక్కుపుడక తీసేశాను.
ఎరుపు మాత్రం ఇక లేదు.
కంప్యూటర్లో ఉన్నదంతా ఆవిడకే పోశాను.

తుమ్మితే ఊడే ముక్కు ఈ పని.
అద్దె అయిదో తారీకు.
అందుకని "సరేనండీ, రాత్రికి పంపిస్తా" అని
ఫోను బోర్లించి
మెట్లు దిగుతాను.

చుట్టుగుంట దాటాక గాలి మారుతుంది.
ముందు గొంతు చివర చిన్న గరుకు,
తర్వాత కళ్ళు.
యార్డు బయట ఏసురత్నమ్మ టీ బండి,
పక్కన ఒక బల్ల, బల్ల కాలికింద ఇటుక.
సంచిలోంచి రూళ్ళ పుస్తకం తీస్తాను,
తమ్ముడు ఇంటర్లో సగం రాసి వదిలేసింది.
ముందు సగం ఫిజిక్సు.
వెనక సగం తుమ్ములు.

తుమ్ములంటే తుమ్ములు కాదు,
తుమ్ముకి ముందు మొహం.
కనుబొమ్మలు నెత్తికెక్కి, నోరు సగం తెరుచుకుని
ఆకాశాన్ని ఏదో అడగబోయి
మర్చిపోయినట్టుంటుందే, అది.

ఆ క్షణంలో అందరూ ఒకటేనని మాత్రం అనను.
కమీషన్ ఏజెంటు జేబురుమాలు తడుముకుంటాడు.
మస్తాన్ వలికి చేతులు ఖాళీ లేవు,
నెత్తిమీద నలభై కిలోల తేజ రకం.
తుమ్మితే బస్తా కదులుతుంది.
పెదవి కొరికి నడిరోడ్డు మీద ఆగిపోయాడు.
నాకు నాలుగు గీతలు దొరికాయి,
అతనికి తుమ్ము దొరకలేదు.

తొడిమలు తీసే నాంచారమ్మ అసలు తుమ్మదు.
"నా ముక్కు చచ్చిపోయి ఇరవయ్యేళ్ళయిందమ్మా" అంటుంది నవ్వుతూ.
ఆమె పేజీ ఖాళీగా ఉంచాను.
పేరు రాశాను, తేదీ వేశాను.

ఎర్ర పెన్సిల్‌ని ఈ పుస్తకంలోకి రానివ్వను.
ఎరుపు కూలికి.
ఇక్కడ అరవేలు నల్ల పెన్సిల్ ముక్క చాలు.
చెవి పెద్దదైంది, ఉండనీ.
టీ చుక్క పడింది,
గడ్డంలో కలిపేశాను.

గడప దగ్గర ఎవరు తుమ్మినా
మా అమ్మమ్మ చెప్పులు విప్పించేది.
కూర్చోబెట్టి, గ్లాసుడు నీళ్ళు తాగించి
"ఇప్పుడెళ్ళు" అనేది.
బస్సు పోతే పోయింది.
శకునాల సంగతి నాకు తెలీదు గానీ
ఆ గ్లాసుడు నీళ్ళు
ఇన్నాళ్ళకి గొంతు దిగుతున్నాయి.

ఇవాళ కారు ఆపి పిచ్చేశ్వరరావు గారే దిగారు.
"ఇక్కడున్నావేందమ్మా, అక్కడ ప్రింటింగ్ ఆగిపోతే!"
నా చేతిలో పుస్తకం తీసుకుని
నిలబడే తిరగేశారు. ఒకటి, రెండు,
మస్తాన్ వలి దగ్గర ఆగి
"ఇదెయ్యి! మన ప్యాకెట్ మీద ఇదెయ్యి.
ఘాటంటే ఇట్టా ఉండాలి. డబ్బులు వేరే ఇస్తా."

ఏసురత్నమ్మ టీ వడపోస్తూ ఆగింది.
అయిదో తారీకు గుర్తొచ్చింది నాకు.
"అది పనిలోది కాదండీ" అన్నాను.
"మరి?"
మరి ఏమిటో నాకూ తెలిస్తే కదా.

ఆయన ఏదో అనబోయారు.
లోపల ఎవరో బస్తా విప్పినట్టున్నారు,
గాలి ఇటు తిరిగింది.
కనుబొమ్మలు మెల్లగా లేచాయి,
బంగారు కళ్ళజోడు ముక్కు కొసకి జారింది,
ఆకాశాన్ని ఏదో అడగబోతున్నారు.
పెన్సిల్ నా చేతిలో ఉంది,
పుస్తకం ఆయన చేతిలో.

ఒంటి తుమ్ము.
రెండోదొస్తుందేమోనని ముగ్గురం చూశాం.
రాలేదు.
"కూర్చోండి సార్" అంది ఏసురత్నమ్మ
నీళ్ళ గ్లాసు ముందుకి తోసి.
ఆయన కూర్చున్నారు, ఇటుక ఉన్న వైపు.
బల్ల కొంచెం ఊగింది.
కాసేపు ఎవ్వరం ఎరుపు మాట ఎత్తలేదు.